పికప్ ట్రక్కు, ట్రావెల్ ట్రైలర్: బరువుల పొంతన

వేసవి వస్తే అమెరికా, కెనడా హైవేల మీద పికప్ ట్రక్కుల వెనక తెల్లటి పెద్ద పెట్టెల్లాంటి బళ్లు బారులు తీరతాయి. మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్న చక్రాల ఇళ్లు అవి. ఇంజన్ మాత్రం ఉండదు. వీటిని ట్రావెల్ ట్రైలర్లు అంటారు. ట్రక్కు వెనక, బంపరు దిగువన బిగించిన హిచ్ బాల్ అనే ఉక్కు గుండుకు తగిలించి లాక్కెళ్తారు. ట్రక్కు తొట్టి మధ్యలో కూర్చునే ఫిఫ్త్ వీల్ ట్రైలర్లు వేరే జాతి. వాటి లెక్కలు కొంత వేరు.

ఏ ట్రక్కుకు ఏ ట్రైలర్ తగును? ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే లాగుడు పరిమితిని చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకునేవారు చాలామంది. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది సగం సంగతే చెబుతుంది. ట్రక్కు ట్రైలర్‌ను లాగడమే కాదు, దాని బరువులో కొంత భాగాన్ని తన వీపున మోస్తుంది కూడా. సగటు కుటుంబం కొనే తేలిక రకం పికప్‌లో ముందు అయిపోయేది లాగే శక్తి కాదు, మోసే శక్తి. భద్రత గురించిన చర్చంతా ఇక్కడ మొదలుపెట్టాలి.

కార్ల నుంచి ట్రక్కులకు

ట్రైలర్లు లాగే పని మొదట్లో కార్లదే. వాలీ బయామ్ 1931లో నెలకొల్పిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో క్లిప్పర్ అనే అల్యూమినియం ట్రైలర్‌ను తెచ్చినప్పుడు దాన్ని లాగింది ఆనాటి సెడాన్లే. 1960లలో కూడా దృఢమైన ఉక్కు చట్రం, పెద్ద వీ8 ఇంజన్ ఉన్న కుటుంబ కార్లు ట్రైలర్లను సునాయాసంగా లాగేవి. 1975లో అమెరికా కాంగ్రెస్ ఇంధన పొదుపు చట్టం చేసింది. 1977 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లను కుదించి తేలిక చేసింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. బరువు లాగే పని క్రమంగా పికప్‌ల మీద పడింది.

ట్రైలర్ల తయారీకి పుట్టిల్లు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం. కొవిడ్ తర్వాత విమానాలు, హోటళ్లకు దూరంగా ఉండాలనుకున్న కుటుంబాలు ఎగబడడంతో 2021లో అమెరికాలో 6 లక్షలకు పైగా ఆర్‌వీలు, అంటే ఇలాంటి విహార వాహనాలు, కర్మాగారాలు దాటాయి. అప్పటికి అది రికార్డు. అంతకు ముందు ఎన్నడూ ఏ బండీ లాగని కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో రోడ్డెక్కారు. బరువుల లెక్క తెలియజెప్పాల్సిన అవసరం దాంతో మరింత పెరిగింది.

తలుపు చట్రం మీది అంకెలు

డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద రెండు స్టిక్కర్లు కనిపిస్తాయి. ఒకటి ధ్రువీకరణ పత్రం లాంటిది. ట్రక్కు తన సొంత బరువు, మనుషులు, సామాను, ట్రైలర్ మోపే భారం అన్నీ కలుపుకొని ఎంతవరకు ఉండవచ్చో అందులో ఉంటుంది. దీన్ని జీవీడబ్ల్యూఆర్ అంటారు. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒక్కొక్కటీ ఎంత మోయవచ్చో కూడా అక్కడే ముద్రిస్తారు.

రెండోది టైర్ల గాలి వివరాలున్న పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు. మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు, అంటే ఇన్ని పౌండ్లు మించరాదని దాని మీద ఒక వాక్యం ఉంటుంది. వాడుకలో పేలోడ్ అనేది ఈ అంకెనే. ఇది మోడల్ మొత్తానికీ ఒకటే కాదు, ఆ ఒక్క ట్రక్కుకు చెందినది. ఒకే పేరు, ఒకే ఏడాది, ఒకే ఇంజన్ ఉన్న రెండు ట్రక్కులు పక్కపక్కన నిలబెడితే వాటి పేలోడ్‌లో వందల పౌండ్ల తేడా రావచ్చు. గాజు పైకప్పు, విద్యుత్ సీట్లు, నాలుగు చక్రాల డ్రైవ్, పెద్ద రిమ్ములు ఇవన్నీ ట్రక్కు సొంత బరువును పెంచి మోసే వాటాను తగ్గిస్తాయి. ఎక్కువ ఖరీదు పెట్టి కొన్న ట్రక్కు తక్కువ మోయడం అందుకే. షోరూములో అమ్మకందారుతో మాట మొదలుపెట్టే ముందు ఆ స్టిక్కరును ఫొటో తీసుకోవడం మంచిది.

వీటికి తోడు ట్రక్కూ ట్రైలరూ కలిసి ఎంత ఉండవచ్చో చెప్పే జీసీడబ్ల్యూఆర్ ఒకటుంది. ఇంజన్, గేర్‌బాక్స్, రేడియేటర్, వెనక ఇరుసు పళ్ల నిష్పత్తి దీన్ని నిర్ణయిస్తాయి. 3.31 నిష్పత్తి ఉన్న ట్రక్కు కన్నా 3.73 ఉన్నది ఎక్కువ బరువును కదిలిస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150 అనే ఒకే పేరు కింద లాగుడు పరిమితి సుమారు 5,000 పౌండ్ల నుంచి 13,000 దాటే వరకు మారడానికి ఇవే కారణాలు. కొనే ట్రక్కు వివరాలన్నీ పెట్టి కంపెనీ టోయింగ్ గైడ్‌లో వరస వెతుక్కోవాలి తప్ప పేరును బట్టి ఊహించకూడదు.

ట్రైలర్ వైపు చూస్తే బ్రోషర్లలో ఘనంగా కనిపించేది ఖాళీ బరువు, డ్రై వెయిట్. ఎవరూ ఖాళీ ట్రైలర్‌తో ప్రయాణం చేయరు. డీలరు బిగించే బ్యాటరీలు, నింపిన గ్యాస్ సిలిండర్లు చాలాసార్లు అందులో ఉండవు. నీళ్లు అసలే ఉండవు. అమెరికా గ్యాలన్ నీటి బరువు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు, అంటే 150 కిలోలు చేరినట్టే. పరుపులు, గిన్నెలు, బట్టలు, కుర్చీలు, గొట్టాలు, పనిముట్లు చేరేసరికి ఖాళీ బరువుకు వెయ్యి పౌండ్లు కలవడం మామూలే. అందుకే పొంతన చూసేటప్పుడు ట్రైలర్ డ్రై వెయిట్‌ను పక్కన పెట్టి, దాని తలుపు దగ్గర ముద్రించిన గరిష్ఠ బరువునే లెక్కకు తీసుకోవాలని ఈ రచయిత అభిప్రాయం. అంత నింపకపోతే మంచిదే, ఆ మేరకు మిగులు ఉంటుంది.

ఒక కుటుంబం లెక్క

ప్రకటనలో 11,000 పౌండ్లు లాగుతుందని రాసిన ట్రక్కు ఒకటి తీసుకుందాం. ఆ బరువు సుమారు 5 టన్నులు. దాని పసుపు స్టిక్కరు మీద పేలోడ్ 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు. నాలుగు తలుపుల డబుల్ క్యాబిన్ తేలిక రకం ట్రక్కుల్లో ఈ స్థాయి అంకె తరచూ కనిపిస్తుంది.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి 520 పౌండ్లు. బరువు సర్దే హిచ్ సామగ్రి 80. తొట్టిలో ఐస్ పెట్టె, మడత కుర్చీలు, కట్టెలు, పనిముట్ల పెట్టె కలిపి 150. ఇక్కడికి 750 పౌండ్లు అయిపోయాయి. ట్రైలర్ తన మూతితో ట్రక్కు మీద మోపే భారానికి మిగిలినది మరో 750. ట్రైలర్ తన మొత్తం బరువులో సుమారు 13 శాతం హిచ్ మీద మోపుతుందనుకుంటే, ఈ ట్రక్కు వెనక కట్టదగిన నిండు ట్రైలర్ బరువు 5,770 పౌండ్ల దగ్గర ఆగుతుంది. 11,000 ఎక్కడ, 5,770 ఎక్కడ!

డల్లాస్ చుట్టుపక్కలో, న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగు ఇంట్లో ఈ లెక్క మరింత బిగుస్తుంది. వేసవి సెలవులకు ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉంటారు. వాళ్లను ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలన్న కోరికతోనే ట్రైలర్ ఆలోచన పుడుతుంది. ఆ ఇద్దరూ అదే ట్రక్కులో ముందు వెనక సీట్లలో సర్దుకుంటే మరో 300 పౌండ్లు. హిచ్ భారానికి మిగిలేది 450. దానికి తగిన ట్రైలర్ 3,460 పౌండ్లే. ఆరుగురు పడుకునే ట్రైలర్ ఆ బరువులో దాదాపు దొరకదు. బియ్యం బస్తా, గ్రైండరు, ఇడ్లీ పాత్ర ట్రైలర్‌లో పెట్టినా, తొట్టిలో పెట్టినా లెక్కలోకి రావాల్సిందే. ఇలాంటి ఇంటికి మరింత బరువు మోసే ట్రక్కు కావాలి, లేదా పెద్దవాళ్లు మరో కారులో రావాలి. మూడో దారి వెతుక్కోవడం క్షేమం కాదు.

11,000 ఎలా వచ్చింది?

కంపెనీలు ఎవరికి తోచిన అంకె వారు వేసుకునే రోజులు చాలాకాలం నడిచాయి. ఆ పోటీకి కళ్లెం వేస్తూ ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 2008లో జే2807 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. 2011 మోడళ్లతో టొయోటా ముందుగా దాన్ని పాటించింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్, రామ్ తమ తేలిక పికప్‌లకు 2015 నాటికి ఒప్పుకున్నాయి.

ఈ పరీక్షకు కొలబద్ద అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ నుంచి ఎగబాకే డేవిస్ డ్యామ్ గ్రేడ్. 11 మైళ్లకు పైగా ఎడారి ఎండలో ఎడతెగని ఎత్తు. ఏసీ పూర్తిగా నడుస్తుండగా, ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండగా, వెనక ఒంటి చక్రాల జత ఉన్న ట్రక్కు గంటకు 40 మైళ్ల వేగానికి తగ్గకుండా పైకి చేరాలి. ఏమీ వేడెక్కిపోకూడదు, ఏమీ విరగకూడదు. సమతలం మీద సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి 30 సెకన్లలో చేరాలి. 12 శాతం వాలు మీద ఆగి, మళ్లీ కదలడం 5 నిమిషాల్లో 5 సార్లు, ముందుకూ వెనక్కూ చేసి చూపాలి. ఇది మంచి ప్రమాణమే. ఆ ట్రక్కు ఇంజన్ ఆ బరువును నిజంగానే లాగుతుంది.

చిక్కు ఊహల్లో ఉంది. ఈ లెక్కలో ట్రక్కులో ఇద్దరే మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. హిచ్ మీద భారం ట్రైలర్ బరువులో 10 శాతం. పిల్లలు లేరు, కుక్క లేదు, తొట్టిలో కట్టెలు లేవు. నిజ జీవితంలో ట్రావెల్ ట్రైలర్ మూతి బరువు చాలాసార్లు 12 నుంచి 15 శాతం మధ్య తేలుతుంది. ప్రమాణం నిజాయితీగానే ఉంది. దాన్ని చదివే కుటుంబం ఆ ఊహలకు సరిపోకపోవడం అసలు సమస్య.

మూతి బరువు, మీట సూత్రం

ఎద్దుల బండి తోలినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బస్తాలు ఇరుసుకు వెనగ్గా పేరిస్తే నొగ పైకి లేచి కాడి ఎడ్ల మెడను గుంజుతుంది. మరీ ముందుకు పేరిస్తే మెడలు కమిలిపోతాయి. ఇరుసుకు కొంచెం ముందు భారం ఉండాలి. ట్రైలర్‌కూ అంతే. హిచ్ మీద మోపే భారం, టంగ్ వెయిట్, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలన్నది అమెరికాలో అందరూ పాటించే నియమం.

ఈ భారం పడే చోటు ట్రక్కు వెనక ఇరుసు మీద కాదు, దానికి ఇంకా వెనక. అక్కడ మీట సూత్రం పనిచేస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 145 అంగుళాలు, వెనక ఇరుసు నుంచి హిచ్ బాల్‌కు 60 అంగుళాలు అనుకుందాం. 900 పౌండ్ల భారం బాల్ మీద పెడితే వెనక ఇరుసు మీద పెరిగేది 900 కాదు, దాదాపు 1,270. ఆ అదనపు 370 ముందు చక్రాల నుంచి లేచిపోయింది. స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, ముందు బ్రేకులకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవారి కళ్లలో కొడతాయి. ట్రక్కు తోక కుంగి మూతి ఎత్తి నిలబడిందంటే బయటికి కనిపించేది ఇదే.

దీనికి మందు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. ట్రైలర్ మూతి దగ్గర రెండు ఉక్కు స్ప్రింగు కడ్డీలను బిగించి ఎత్తి కట్టినప్పుడు, అవి ట్రక్కు వెనక ఇరుసు మీది భారంలో కొంత తీసి, ముందు ఇరుసుకూ ట్రైలర్ ఇరుసులకూ పంచుతాయి. ముందు చక్రాల నుంచి పోయిన భారంలో ఎంత తిరిగి రప్పించాలో ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా చెబుతుంది. కొన్ని సగం చాలంటాయి. కంపెనీ చెప్పినదానికి మించి బిగిస్తే వెనక చక్రాలు తేలికై ట్రక్కు తోక అదుపు తప్పవచ్చు. హిచ్ దూర్చే రిసీవర్ గొట్టం మీద అతికించిన లేబుల్‌లో కూడా రెండు పరిమితులు ఉంటాయి: ఈ కడ్డీలు లేకుండా ఎంత, ఉంటే ఎంత. కడ్డీలు లేని పరిమితి చాలా తక్కువగా ఉండవచ్చు.

వెనక స్ప్రింగుల మధ్య గాలి సంచులు బిగించి ట్రక్కును సమంగా నిలబెట్టేవారు ఉన్నారు. చూపుకు బాగుంటుంది. కానీ గాలి సంచి ముందు చక్రాలకు భారం తిరిగివ్వదు, జీవీడబ్ల్యూఆర్‌ను ఒక్క పౌండు కూడా పెంచదు. ఇరుసు, టైర్లు, చట్రం, బ్రేకులు అవే.

ఊగిసలాట

ట్రైలర్ ప్రయాణంలో అన్నిటికన్నా భయపెట్టేది స్వే. ట్రైలర్ తోక పక్కలకు ఊగుతూ, ప్రతి ఊపుకూ మరింత వెడల్పుగా విసురుతూ, చివరికి ట్రక్కునే తిప్పేస్తుంది. దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం స్పష్టం. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఏ ఊపైనా తనంతట తాను అణిగిపోతుంది. వేగం పెరిగేకొద్దీ అణిగే గుణం తగ్గుతూ వస్తుంది. ఒక హద్దు దాటాక ఊపు అణగడం మాని పెరగడం మొదలుపెడుతుంది. ఆ హద్దు ఎక్కడన్నది మూతి బరువు, ట్రైలర్‌లో సామాను ఎక్కడ పెట్టారు, ట్రక్కు పొడవు, వెనక టైర్ల బిగువు నిర్ణయిస్తాయి.

మూతి బరువు తగ్గిస్తే ట్రక్కు పేలోడ్ మిగులుతుంది కదా అని వెనక బంపరుకు సైకిళ్లు వేలాడదీయడం, సామానంతా వెనక గదిలోకి తోయడం ప్రమాదాన్ని చేజేతులా పిలవడమే. వెనక చివరన పెట్టిన బరువు మూతిని తేలిక చేయడంతో ఆగదు, ట్రైలర్ ఊపును మొండి చేస్తుంది కూడా. పేలోడ్ చాలకపోతే చిన్న ట్రైలర్ తీసుకోవాలి, లేదా పెద్ద ట్రక్కు. మూతి బరువులో కోత పెట్టకూడదు.

ఊపు మొదలైతే డ్రైవరు చేయాల్సినవి రెండు, చేయకూడనివి రెండు. యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి. డ్యాష్‌బోర్డు మీది బ్రేక్ కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించాలి. ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ఊపుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పకూడదు. ఇప్పటి ట్రక్కుల్లో ఊపును పసిగట్టి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉంటోంది. అది ఆఖరి రక్షణ మాత్రమే.

గాలి సంగతీ ఇక్కడే. ట్రావెల్ ట్రైలర్ పక్క గోడ తెరచాపంత ఉంటుంది. వ్యోమింగ్‌లో ఇంటర్‌స్టేట్ 80 మీద వీచే ఈదురుగాలిలో, పక్క నుంచి సెమీ ట్రక్కు దూసుకుపోయినప్పుడు వచ్చే తోపులో, బరువులో సరిపోయిన బండి కూడా కదిలిపోతుంది. గాలి తీవ్రంగా ఉన్న రోజు ఆగిపోవడం పిరికితనం కాదు. వేగం విషయంలో కాలిఫోర్నియా చట్టం ట్రైలర్ లాగే వాహనాలకు గంటకు 55 మైళ్లు దాటనివ్వదు. చట్టం ఎక్కువ అనుమతించే రాష్ట్రాల్లో కూడా 60, 65 మధ్య ఉండడం వివేకం.

టైర్లు, బ్రేకులు, బాల్

బాల్ సైజు, ట్రైలర్ మూతిన దాన్ని పట్టుకునే కప్లర్‌కు సరిగ్గా సరిపోవాలి. 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు ఎక్కువగా వాడేవి. పెద్ద ట్రైలర్లకు రెండోది. ఒక సైజు తక్కువ బాల్ మీద కూడా కప్లర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకు మీద ఊడిపోతుంది. గొలుసులు కింద అడ్డంగా కత్తెర ఆకారంలో దాటించి తగిలించాలి, మూతి ఊడితే వాటి ఒడిలో పడుతుంది. ట్రైలర్ తెగిపోతే తనంతట తాను బ్రేకు వేసుకునే బ్రేక్‌అవే తీగను గొలుసులకు కాకుండా ట్రక్కుకే విడిగా కట్టాలి.

ట్రైలర్‌కు సొంత విద్యుత్ బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు. కాలిఫోర్నియా క్యాంప్ ట్రైలర్లకు 1,500 దగ్గరే మొదలవుతుంది. ట్రావెల్ ట్రైలర్లలో దాదాపు అన్నిటికీ ఇవి ఉంటాయి కాబట్టి ట్రక్కులో కంట్రోలర్ ఉందో లేదో చూసుకోవడమే మిగిలిన పని.

టైర్ల దగ్గర కాస్త ఆగాలి. తేలిక పికప్‌లు చాలావాటికి కారు తరహా టైర్లు వస్తాయి, వాటి గోడలు మెత్తన. బరువైన హిచ్ భారం కింద అవి పక్కలకు వంగుతూ ట్రైలర్ ఊపుకు తోడవుతాయి. ట్రైలర్‌వి ఎస్‌టీ రకం; వేగం గురించి ప్రత్యేకంగా ముద్రించని వాటికి గంటకు 65 మైళ్లే పరిమితి. ఈ టైర్లు అరిగి చావవు, వయసు మీరి పగులుతాయి. గోడ మీద డాట్ అక్షరాల వరస చివర ఉన్న నాలుగంకెలు చూస్తే పుట్టిన తేదీ తెలుస్తుంది: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. ఐదారేళ్లు దాటితే, పైన గాడులు ఎంత లోతుగా ఉన్నా, మార్చడం మేలు.

ఎత్తులు, దిగువలు

కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 మీది ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకు తన బలంలో సుమారు 3 శాతం కోల్పోతుంది. ఆ సొరంగం దగ్గరికి వచ్చేసరికి మూడో వంతు పోయినట్టే. టర్బో ఇంజన్లకు ఈ నష్టం చాలా తక్కువ. అయినా ఎక్కడం నెమ్మదైన పని తప్ప ప్రమాదం కాదు. కుడి లేన్‌లో 40 మైళ్ల వేగంతో పాకుతూ వెళ్లవచ్చు. దిగడమే ప్రమాదం. సొరంగం దాటాక 6, 7 శాతం వాలు మైళ్లకొద్దీ ఉంటుంది. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే డిస్కులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. వాలు మొదలవకముందే బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ మోడ్ వేసి, గేరు తగ్గించి, ఇంజన్‌తోనే వేగాన్ని నిలపాలి. మధ్యమధ్య ఒక్కసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి, కాలు తీసేయాలి. పెద్ద డీజిల్ పికప్‌లలో ఉండే ఎగ్జాస్ట్ బ్రేక్ ఇలాంటి చోట చేసే మేలు మాటల్లో చెప్పలేం.

కాటా

కాగితం మీద ఎంత లెక్కేసినా చివరికి తూచి చూడాలి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే పొడవాటి కాటాలు ఉంటాయి. అయోవాలోని వాల్కాట్ కేంద్రంగా ఉన్న ఈ సంస్థ 1977 నుంచి పనిచేస్తోంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడు వేర్వేరు పలకల మీద నిలుస్తాయి, మూడింటి బరువు విడివిడిగా వస్తుంది. అందరూ ఎక్కి, డీజిలో పెట్రోలో నింపి, సామాను సర్ది, ప్రయాణానికి సిద్ధమైన బండినే తూచాలి.

మూడుసార్లు తూచడం ఉత్తమం. ఒక ఉదాహరణ చూద్దాం. ట్రక్కు జీవీడబ్ల్యూఆర్ 7,050 పౌండ్లు. ట్రైలర్ లేకుండా, మనుషులతో తూచితే ముందు 3,240, వెనక 2,960, మొత్తం 6,200. ట్రైలర్ తగిలించి, స్ప్రింగు కడ్డీలు వదిలేసి తూచితే ముందు 2,880, వెనక 4,180, ట్రైలర్ ఇరుసుల మీద 5,740. ట్రక్కు మొత్తం 7,060 అయింది. 6,200 తీసేస్తే మూతి బరువు 860. దానికి 5,740 కలిపితే నిండు ట్రైలర్ 6,600. మూతి వాటా 13 శాతం, చక్కగా ఉంది. కానీ ట్రక్కు తన హద్దును 10 పౌండ్లు దాటింది, ముందు చక్రాలు 360 పౌండ్లు కోల్పోయాయి.

ఇప్పుడు కడ్డీలు బిగించి మూడోసారి. ముందు 3,150, వెనక 3,750, ట్రైలర్ 5,900. ముందు చక్రాలకు 270 పౌండ్లు తిరిగి వచ్చాయి, ట్రైలర్ ఇరుసులు 160 పంచుకున్నాయి, ట్రక్కు 6,900కు దిగింది. హద్దులోనే ఉంది, మిగులు 150. ఈ బండి వెళ్లవచ్చు. కానీ దారిలో కట్టెల మోపులు, పుచ్చకాయలు కొని తొట్టిలో వేసే చోటు ఇక లేదని ఈ చీటీ చెబుతోంది. చీటీని గ్లోవ్ బాక్సులో దాచుకుని, సామాను మార్చినప్పుడల్లా పోల్చి చూసుకోవాలి.

లాగుడు పరిమితిలో 80 శాతం దాటకూడదన్న మాట ఈ రంగంలో బాగా ప్రచారంలో ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ పై కుటుంబం ట్రక్కుకు 11,000లో 80 శాతం 8,800 అవుతుంది. దాని పేలోడ్ ఒప్పుకునేది 5,770. తప్పు అంకెలో 80 శాతం తీసుకుంటే వచ్చేదీ తప్పే. మిగులు పెట్టుకోదలిస్తే పేలోడ్‌లో, వెనక ఇరుసు పరిమితిలో పెట్టుకోవాలి.

పెద్ద ట్రక్కు ఎప్పుడు?

హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ అనే పాత పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 మొదటి కోవ. 250, 2500 అంకెలున్నవి రెండోది. 350, 3500 మూడోది. నిండు బరువు 7,000 పౌండ్లకు చేరే ట్రైలర్‌తో, నలుగురితో వెళ్లేవారు రెండో కోవ వైపు చూడడం మొదలుపెట్టాలి. వాటి ఇరుసులు, స్ప్రింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ ఒక మెట్టు పైన. ట్రక్కు సొంత బరువు కూడా ఎక్కువ కాబట్టి ట్రైలర్ దాన్ని అంత తేలిగ్గా కదిలించలేదు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కన్నా వందల పౌండ్లు బరువు. కొన్ని రాష్ట్రాల రిజిస్ట్రేషన్ నియమాల దృష్ట్యా చాలా త్రీ క్వార్టర్ టన్ ట్రక్కుల జీవీడబ్ల్యూఆర్‌ను 10,000 పౌండ్ల దగ్గరే ఆపేస్తారు. ఆ రెండూ కలిస్తే అలంకారాలన్నీ ఉన్న డీజిల్ 250 పేలోడ్ 2,000 పౌండ్ల చుట్టుపక్కలకే పరిమితం కావచ్చు. అదే ట్రక్కు పెట్రోలు ఇంజన్‌తో అంతకన్నా బాగా ఎక్కువ మోస్తుంది. కొండలు తరచూ ఎక్కేవారికి డీజిల్. మోసే బరువు ముఖ్యమైతే పెట్రోలు, లేదా నేరుగా వన్ టన్. ధరల తేడా పెద్దది కానప్పుడు వన్ టన్ వైపే మొగ్గడం ఈ రచయితకు సబబనిపిస్తుంది.

ట్రక్కు ముందు కొనాలా, ట్రైలర్ ముందా అని అడిగేవారికి జవాబు: ట్రైలర్ ముందు ఎంచుకోవాలి, ట్రక్కు ముందు కొనాలి. ట్రక్కు ఇప్పటికే ఉంటే దాని స్టిక్కరే ట్రైలర్‌ను ఎంచుతుంది.

ఇతర దేశాల పద్ధతి

యూరప్‌లో కారవాన్లు తేలిక, ఇరుసు దాదాపు మధ్యలో ఉంటుంది. మూతి బరువు 5 నుంచి 7 శాతం చాలంటారు. చాలా కార్ల బాల్ పరిమితే 75, 100 కిలోల మధ్య. అక్కడ అది చెల్లడానికి వేగం ఒక కారణం: బ్రిటన్ మోటార్‌వేల మీద కారవాన్ లాగే కారుకు గంటకు 60 మైళ్లు, జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతితో 100. బ్రిటన్‌లో కొత్తవారికి కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం మించకుండా చూసుకోమని సలహా ఇస్తారు. ఆస్ట్రేలియాలో యూట్ అనే పికప్‌లు చాలావరకు 3,500 కిలోలు లాగుతాయని ముద్ర వేసుకుంటాయి. అక్కడా మూతి బరువు 10 శాతం, అక్కడా ట్రక్కు, ట్రైలర్ కలిసిన మొత్తం బరువు ముందు అడ్డం పడుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 4,600 కిలోలు దాటిన ట్రైలర్‌కు లైసెన్సు మీద అదనపు ఆమోదం పొందాలి.

విద్యుత్ పికప్‌లు

రివియన్ ఆర్1టీ 11,000 పౌండ్లు, ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ తగిన ప్యాకేజీతో 10,000 పౌండ్లు లాగుతాయి. కదిలే శక్తిలో, వాలు దిగేటప్పుడు మోటారుతోనే వేగం తగ్గించుకునే గుణంలో ఇవి పెట్రోలు ట్రక్కులను మించుతాయి. బ్యాటరీ బరువు పేలోడ్‌ను తింటుంది కాబట్టి స్టిక్కరు చూసే పని తప్పదు. అసలు ఇబ్బంది దూరం దగ్గర వస్తుంది. ట్రైలర్ ఎత్తైన ముఖం గాలిని చీల్చాల్సి రావడంతో ఒక్క ఛార్జితో వెళ్లే దూరం సుమారు సగానికి పడిపోతుంది. బరువు కన్నా ట్రైలర్ ఆకారమే దీనికి ఎక్కువ కారణం. ఛార్జింగ్ కేంద్రాలు చాలావరకు ముక్కు లోపలికి పెట్టి నిలిపే కార్ల కోసం కట్టినవి. ట్రైలర్‌ను పక్కన విడిచి, ఛార్జి పెట్టుకుని, మళ్లీ తగిలించుకోవాలి. పెట్రోలు బంకులో లాగా ట్రైలర్‌తో సహా నేరుగా లోపలికి వచ్చి బయటికి వెళ్లేలా కట్టిన కేంద్రాలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. దూర ప్రయాణం తలపెట్టేవారు అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని మజిలీలు నిర్ణయించుకుంటున్నారు.